తొలి కాన్పు ఆపరేషన్ అయితే మలి కాన్పు ఇంట్లో కావచ్చా?

మొదటి బిడ్డ ఆపరేషన్‌తో పుట్టిన ఇంట్లో, రెండోసారి నెల తప్పిందన్న కబురు వెంటే ఇంకో మాట కూడా వస్తుంది: "మొదటిది ఆపరేషన్ కదా, ఇదీ ఆపరేషనే." ఆసుపత్రిలో అదే మాట, అత్తవారింట్లో అదే మాట, పుట్టింట్లోనూ అదే మాట. కోత నొప్పితో లేచి కూర్చోలేక, బిడ్డను ఒళ్లోకి తీసుకుని పాలివ్వలేక పడ్డ అవస్థ ఇంకా మరిచిపోని తల్లికి ఆ మాట మింగుడుపడదు. ఆసుపత్రి గడప తొక్కితే ఎలాగూ కోస్తారు, తొక్కకపోతే ఏమవుతుంది అన్న ఆలోచన అక్కడే మొదలవుతుంది. అమ్మమ్మ ఏడుగురిని ఇంట్లోనే కన్నది కదా, అనుభవమున్న మంత్రసానో నర్సో పక్కన ఉంటే నేనెందుకు కనలేను అని అడుగుతుంది. తెలియక అడుగుతోందని ఆ ప్రశ్నను కొట్టిపారేయడం తేలికే. కానీ కొట్టిపారేస్తే ఆమె నోరు మూతపడుతుందే తప్ప సందేహం తీరదు. ఆమెకు కావలసింది గదమాయింపు కాదు, జవాబు.

తెలుగు నేల మీద ఈ ప్రశ్న ఏ కొద్దిమందిదో కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగాయి. దేశమంతా కలిపి చూస్తే అది 21.5 మాత్రమే. ప్రైవేటు ఆసుపత్రులను విడిగా లెక్కిస్తే తెలంగాణలో 81.5, ఆంధ్రప్రదేశ్‌లో 63. సిజేరియన్లు నూటికి పది దాటిన తర్వాత ఇంకా పెరిగినంత మాత్రాన తల్లీబిడ్డల మరణాలు తగ్గినట్టు కనబడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో తేల్చింది. అంటే మన దగ్గర గర్భసంచి మీద కుట్టుతో మలి కాన్పుకు సిద్ధమయ్యే తల్లులు లక్షల్లో ఉన్నారు. వారిలో చాలామందికి ఆ మొదటి కోతే అవసరం లేకపోయి ఉండవచ్చు. వారందరి ముందూ ఉన్నవి నిజానికి రెండు వేర్వేరు ప్రశ్నలు. ఈసారి నొప్పులు పడి మామూలుగా కనవచ్చా అన్నది ఒకటి. ఆ కాన్పు ఎక్కడ జరగాలి అన్నది రెండోది. ఈ రెంటినీ ఒక్కటిగా ముడివేయడం వల్లే ఒక వైపు అవసరం లేని ఆపరేషన్లు, ఇంకో వైపు ప్రమాదకరమైన సాహసాలు జరుగుతున్నాయి. మొదటి ప్రశ్నకు చాలామంది విషయంలో జవాబు "కనవచ్చు". రెండో ప్రశ్నకు జవాబు "ఇంట్లో మాత్రం వద్దు". ఈ రెండు జవాబులూ ఒకే శాస్త్రంలోంచి ఎలా వస్తాయో, అవి ఒకదానికొకటి ఎందుకు అడ్డం రావో మెట్టు మెట్టుగా చూద్దాం.

కోత ఎక్కడ పడింది?

"ఒకసారి సిజేరియన్ అయితే ప్రతిసారీ సిజేరియనే" అన్న మాట చాలా పాతది. 1916లో న్యూయార్క్ డాక్టర్ ఎడ్విన్ క్రాగిన్ ఒక వ్యాసంలో దాన్ని రాశాడు. ఆ కాలానికి ఆ మాటలో న్యాయం ఉంది. అప్పట్లో గర్భసంచిని పై భాగంలో నిలువుగా కోసేవారు. పై భాగమంటే మందమైన కండరం. నొప్పులు వచ్చినప్పుడు గట్టిగా ముడుచుకుని బిడ్డను కిందికి నెట్టేది అదే. ఆ కండరం మధ్యలో కుట్టు ఉంటే, ప్రతి నొప్పికీ రెండు అంచులూ చెరో వైపు లాగబడతాయి. ఒక్కోసారి నొప్పులు మొదలు కాకముందే, నిండు నెలల్లో అక్కడ విచ్చుకుపోయేది. తర్వాత 1920లలో గ్లాస్గో నగరానికి చెందిన మన్రో కెర్ వంటి వైద్యులు కోతను కిందికి దించి, అడ్డంగా వేయడం ప్రచారంలోకి తెచ్చారు. గర్భసంచి కింది భాగం నెలలు నిండేకొద్దీ పలచబడి సాగుతుంది. నొప్పుల్లో అది తనంతట తాను గట్టిగా ముడుచుకోదు, బిడ్డకు దారి ఇస్తుంది. అందుకే అక్కడ వేసిన అడ్డ కుట్టు బాగా మానుతుంది, మలి కాన్పులో బాగా నిలుస్తుంది. ఈనాడు జరిగే సిజేరియన్లలో అత్యధికం ఇలాంటి అడ్డ కోతలే. కోత మారింది. క్రాగిన్ మాట మాత్రం దాని కారణం పోయిన తర్వాత కూడా నూరేళ్లు బతికింది.

ఇక్కడ తల్లులు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. పొట్ట చర్మం మీద కనిపించే గీతను బట్టి లోపల గర్భసంచి మీద కోత ఎలా ఉందో చెప్పలేం. చర్మం మీద అడ్డంగా ఉండి లోపల నిలువుగా ఉండవచ్చు. నెలలు బాగా తక్కువైన బిడ్డను తీసినప్పుడో, బిడ్డ అడ్డం తిరిగినప్పుడో అలా కోయాల్సి వస్తుంది. ఆ సంగతి తెలిపేది మొదటి ఆపరేషన్ కాగితమే. పై భాగంలో నిలువు కోత ఉన్నవారికి నొప్పుల్లో గర్భసంచి చీలే ప్రమాదం నూటికి 2 నుంచి 9 దాకా ఉంటుందని లెక్క. వారికి ముందే తేదీ అనుకుని ఆపరేషన్ చేయడమే సరైనది. ఇంతకుముందు ఎప్పుడైనా గర్భసంచి చీలిన వారికీ అంతే. ఇక్కడి నుంచి చెప్పబోయే లెక్కలు ప్రధానంగా ఒక్క సిజేరియన్ అయి, కింది భాగంలో అడ్డ కోత ఉన్న తల్లులకు సంబంధించినవి.

కుట్టు ఉన్న గర్భసంచిని అర్థం చేసుకోవడానికి మన ఊరి చెరువు కట్టను తలచుకుంటే చాలు. కట్టకు ఒకసారి గండి పడితే ఊరంతా కలిసి పూడుస్తారు. గండి పడిందని చెరువును ఎవరూ వదులుకోరు. ఏళ్ల తరబడి అదే కట్ట నీళ్లు నిలుపుతుంది, ఆయకట్టు పండుతుంది. కానీ పెద్ద వాన పడి చెరువు నిండిన రాత్రి కావలి ఎక్కడ పెడతారు? పూడ్చిన గండి దగ్గరే. ఇసుక బస్తాలు కూడా ఊళ్లో గోదాములో పెట్టరు, కట్ట మీదికే చేరుస్తారు. కారణం తెలిసిందే: ఆ చోటు నిలుస్తుందన్న నమ్మకం వారికి ఉంది, ఒకవేళ నిలవకపోతే ఊళ్లోకి పరిగెత్తి బస్తాలు తెచ్చేంత సమయం ఉండదన్న తెలివీ ఉంది. కుట్టు ఉన్న గర్భసంచికి పురిటి నొప్పులు ఆ నిండు చెరువు రాత్రి. నమ్మకమూ కావలీ రెండూ అక్కడ కలిసే ఉండాలి.

రెండు వందల్లో ఒకటి

మొదట నమ్మకం సంగతి చూద్దాం. సిజేరియన్ తర్వాత నొప్పులు పడి కనడానికి ప్రయత్నించిన ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు మామూలుగానే కంటారు. బ్రిటన్ ప్రసూతి వైద్యుల సంఘం ఇచ్చే లెక్క నూటికి 72 నుంచి 75. ఆపరేషన్‌కు ముందో తర్వాతో ఒక్కసారైనా మామూలు కాన్పు అయి ఉంటే అది 85 నుంచి 90 దాకా పెరుగుతుంది. మొదటి ఆపరేషన్ ఎందుకు జరిగిందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. బిడ్డ ఎదురుకాళ్లతో ఉందనో, అప్పటికప్పుడు గుండె చప్పుడు తగ్గిందనో చేసి ఉంటే, అదే కారణం మళ్లీ రావాలని లేదు. ముహూర్తం కోసమో, నొప్పులకు భయపడో మొదటిది కోయించుకుని ఉంటే, ఆమె గర్భసంచి తన శక్తిని ఇంకా చూపించనే లేదు.

ఇక ప్రమాదం. నొప్పుల్లో పాత కుట్టు దగ్గర గర్భసంచి చీలడం సుమారు 200 మందిలో ఒకరికి జరుగుతుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో సిజేరియన్ తర్వాత మలి కాన్పుకు వచ్చిన 20,095 మంది వివరాలతో 2001లో వెలువడిన అధ్యయనం ఈ లెక్కను ఇంకా విడదీసి చూపింది. నొప్పులు రాకముందే ఆపరేషన్ చేసినవారిలో వెయ్యికి 1.6 మందికి, నొప్పులు వాటంతట అవే వచ్చినవారిలో 5.2 మందికి, ప్రోస్టాగ్లాండిన్ మందులు వాడకుండా నొప్పులు రప్పించినవారిలో 7.7 మందికి, ఆ మందులతో రప్పించినవారిలో 24.5 మందికి గర్భసంచి చీలింది. తొందరపెట్టేకొద్దీ ప్రమాదం పెరుగుతుందన్నమాట. పల్లెల్లో నొప్పులు బలంగా రావాలని ఇంటి దగ్గరే సూదిమందు వేయించడం, ఎవరో ఇచ్చిన మాత్ర మింగించడం కుట్టు ఉన్న గర్భసంచి విషయంలో ఎంత ప్రమాదమో ఈ లెక్క చెబుతుంది. రెండు కాన్పుల మధ్య ఎడం బాగా తక్కువగా ఉన్నా ప్రమాదం పెరుగుతుంది.

అలాగైతే మళ్లీ కోసేస్తే గొడవ వదులుతుంది కదా అని అనిపించవచ్చు. వదలదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 2010లో రెండు మార్గాలనూ పక్కపక్కన పెట్టి చూశాయి. నొప్పులు పడనిచ్చిన మార్గంలో పురిటి సమయంలో బిడ్డ చనిపోయే ప్రమాదం లక్షకు 130, ముందే ఆపరేషన్ చేసిన మార్గంలో 50. తల్లి ప్రాణం విషయంలో లెక్క తిరగబడింది: నొప్పులు పడనిచ్చినప్పుడు లక్షకు 3.8, ఆపరేషన్ చేసినప్పుడు 13.4. బిడ్డకు కలిగే ప్రమాదం కూడా కొత్తదేమీ కాదు. తొలిచూలు కాన్పులో ఏ తల్లి బిడ్డకైనా ఉండే ప్రమాదంతో అది దాదాపు సమానమని స్కాట్లాండ్ కాన్పుల మీద 2002లో వచ్చిన పరిశోధన చూపింది. పైగా ప్రతి కోతా తర్వాతి కాన్పు మీద నీడ వేస్తుంది. మాయ కిందికి దిగి గర్భసంచి ద్వారాన్ని కప్పేసినప్పుడు, అది పాత కుట్టులోకి వేళ్లు దిగి అంటుకుపోయే ప్రమాదం రెండో సిజేరియన్ నాటికి నూటికి 11 ఉంటే, మూడో సిజేరియన్ నాటికి 40కి చేరుతుంది. అలా అంటుకున్న మాయను తీయబోతే ఆగని రక్తస్రావం మొదలవుతుంది. గర్భసంచినే తీసేయాల్సి రావచ్చు. కాబట్టి "ఇదీ ఆపరేషనే" అన్న మాట భద్రతకు మారుపేరు కాదు. మామూలు కాన్పు కోరుకునే తల్లి ఏదో మొండితనం చేస్తున్నట్టు చూడడం అన్యాయం. ఆమె కోరికకు గట్టి ఆధారమే ఉంది.

నిమిషాల లెక్క

రెండు వందల్లో ఒకటి అంటే 199 మందికి ఏమీ కాదు కదా, మరి ఇంట్లో ఎందుకు వద్దు? ఈ చర్చలో అసలు విషయం ఇక్కడుంది. ఏ ప్రమాదాన్నైనా రెండు వైపుల నుంచి కొలవాలి: అది ఎంతమందికి వస్తుంది, వచ్చాక ఎంత వ్యవధి ఇస్తుంది. నిండు నెలల్లో గర్భసంచికి నిమిషానికి అరలీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం ప్రవహిస్తుంది. చీలిక పడినప్పుడు ఆ రక్తం తల్లి కడుపులోకి పోవచ్చు. బయటికి చుక్క కనిపించకపోయినా లోపల లీటర్ల కొద్దీ పోతూ ఉండవచ్చు. మాయ ఊడివస్తే బిడ్డకు అందే ప్రాణవాయువు అక్కడితో ఆగిపోతుంది. చీలిన చోటు నుంచి బిడ్డ తల్లి కడుపులోకి జారిపోవడమూ ఉంది. గర్భసంచి చీలిన కేసులను పరిశీలించి అమెరికాలో 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, అనుమానం కలిగిన 18 నిమిషాల లోపు బయటికి తీసిన పిల్లలు కోలుకున్నారు. శాశ్వతంగా దెబ్బతిన్నవారు 30 నిమిషాలు దాటాక పుట్టినవారే. అనుమానం వచ్చాక 18 నిమిషాల్లో థియేటర్‌కు చేర్చాలి, మత్తు ఇవ్వాలి, కోయాలి, బిడ్డను తీయాలి. ఇవన్నీ ఒకే కప్పు కింద ఉంటేనే అది సాధ్యం.

1999 నుంచి 2002 దాకా అమెరికాలోని 19 వైద్య కేంద్రాల్లో, సిజేరియన్ తర్వాత నొప్పులు పడి కనడానికి సిద్ధమైన 17,898 మందిని పరిశీలించిన ఒక పెద్ద అధ్యయనం 2004లో వచ్చింది. వారిలో 124 మందికి గర్భసంచి చీలింది. ఆ చీలికల వల్ల మెదడుకు ప్రాణవాయువు అందక దెబ్బతిన్న పిల్లలు ఏడుగురు. వారిలో ఇద్దరు చనిపోయారు. ఇంటి కాన్పును సమర్థించేవారు తరచూ ఇలాంటి లెక్కను చూపించి "పద్దెనిమిది వేల మందిలో ఏడుగురే కదా" అంటారు. కానీ ఆ ఏడు అన్న అంకె ఎక్కడ పుట్టింది? పక్కనే థియేటరూ మత్తు డాక్టరూ రక్తమూ పిల్లల డాక్టరూ ఉన్న పెద్ద ఆసుపత్రుల్లో పుట్టింది. 124 చీలికలను ఏడుకు ఆపింది ఆ ఏర్పాటే. చీలిక ఎంతమందికి వస్తుందన్నది తల్లి శరీరాన్ని బట్టి ఉంటుంది. వచ్చాక ఎంతమంది దెబ్బతింటారన్నది చోటును బట్టి ఉంటుంది. మొదటి అంకె తల్లితో పాటు ఇంటికి వస్తుంది. రెండో అంకె ఆసుపత్రిలోనే ఉండిపోతుంది. ఆసుపత్రి సాధించిన భద్రతను చూపించి ఆసుపత్రి అక్కర్లేదనడం ఆ లెక్కను తప్పుగా చదవడమే.

కనిపెట్టడం కూడా అంతే ముఖ్యం. గర్భసంచి చీలుతున్నప్పుడు చాలాసార్లు మొదట కనిపించే గుర్తు బిడ్డ గుండె చప్పుడులో మార్పు. నొప్పికీ నొప్పికీ మధ్య కూడా తగ్గని బాధ, అంతవరకూ వస్తున్న నొప్పులు ఒక్కసారిగా ఆగిపోవడం, కిందికి దిగిన బిడ్డ తల మళ్లీ పైకి పోవడం, తల్లి నాడి పరుగెత్తడం మిగతా గుర్తులు. వీటిలో కొన్ని అసలు రాకపోవచ్చు, కొన్ని ఆలస్యంగా రావచ్చు. అందుకే నొప్పులు క్రమంగా రావడం మొదలైనప్పటి నుంచి బిడ్డ గుండెను యంత్రంతో ఎడతెగకుండా వినాలని మార్గదర్శకాలు చెబుతాయి. ఎంత చేయి తిరిగిన మంత్రసాని అయినా, మధ్యమధ్యలో గుండె చప్పుడు వినే నర్సు అయినా, ఆ మధ్య నిమిషాల్లో జరిగేది వినలేరు. ఒకవేళ విన్నా, వారి చేతిలో మందు లేదు, కత్తి లేదు, రక్తం లేదు.

అభ్యంతరాలూ జవాబులూ

అమ్మమ్మలంతా ఇంట్లోనే కన్నారు కదా అన్నది మొదటి అభ్యంతరం. కన్నారు, నిజమే. కానీ వారి గర్భసంచి మీద కుట్టు లేదు. ఆ రోజుల్లో కాన్పు అడ్డం తిరిగి, ఆపరేషన్ తప్ప దారి లేని స్థితికి వచ్చిన తల్లుల్లో ఎంతోమంది మలి కాన్పు దాకా బతకలేదు. ఇవాళ అమ్మమ్మ కథ చెబుతున్నది బతికి బట్టకట్టిన అమ్మమ్మే. ఈ పోలిక పెట్టుకుంటే మనం ఇద్దరు వేర్వేరు మనుషులను ఒకే తక్కెడలో తూచినట్టు అవుతుంది.

రెండోది, విదేశాల్లో సిజేరియన్ తర్వాత కూడా ఇళ్లలో కంటున్నారు, ఫలితాలు బాగానే ఉన్నాయి కదా అన్నది. ఇందులో నిజం ఉంది, దాన్ని దాచకూడదు. ఇంగ్లాండ్‌లో సిజేరియన్ తర్వాత ఇంట్లో కనాలని అనుకున్న 209 మందిని, ఆసుపత్రిలో కనాలనుకున్న 1,227 మందితో పోల్చిన పరిశోధన 2016లో వచ్చింది. ఇంటిని ఎంచుకున్నవారిలో నూటికి 88 మందికి మామూలు కాన్పు అయితే, ఆసుపత్రిని ఎంచుకున్నవారిలో 69 మందికి అయింది. ఈ తేడాను తేలిగ్గా తీసుకోకూడదు. తల్లికి ధైర్యం చెప్పి, తొందరపెట్టకుండా, ఒకే మనిషి పక్కన కూర్చుంటే ఎంత మేలో అందులో కనిపిస్తుంది. అదే సమయంలో ఇంట్లో మొదలుపెట్టినవారిలో నూటికి 37 మందిని కాన్పు మధ్యలోనో అయిన వెంటనేనో ఆసుపత్రికి తరలించారు. వారికి శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లు ఉన్నారు, పిలిస్తే వచ్చే అంబులెన్స్ ఉంది, తలుపు తెరిచి చేర్చుకునే ఆసుపత్రి ఉంది. ఇంతా చేసి, 200 మందిలో ఒకరికి వచ్చే ప్రమాదాన్ని కొలవడానికి 209 మంది చాలరు. ఇంకా పెద్ద లెక్క అమెరికాలో దొరుకుతుంది. 1990 నుంచి 2000 దాకా అక్కడి 41 ప్రసవ కేంద్రాల్లో, అంటే మిడ్‌వైఫ్‌లు నడిపే, థియేటర్ లేని చోట్ల, సిజేరియన్ తర్వాత నొప్పులతో వచ్చిన 1,453 మందిని పరిశీలించారు. నూటికి 87 మంది మామూలుగానే కన్నారు. కానీ ఆరుగురికి గర్భసంచి చీలింది, ఏడుగురు బిడ్డలు చనిపోయారు. ఆ అధ్యయనం చేసినవారు ఇచ్చిన తీర్పులో రెండు భాగాలున్నాయి: ఇలాంటి తల్లులను ప్రసవ కేంద్రాలు ఆసుపత్రులకే పంపాలి, ఆసుపత్రులు మిడ్‌వైఫ్‌ల తోడుతో జరిగే ఇలాంటి కాన్పులకు తలుపులు ఇంకా తెరవాలి. మొదటి సగాన్ని అమలు చేసి రెండో సగాన్ని మరిచిపోవడం మన దగ్గర జరుగుతున్న పొరపాటు.

మూడోది, ఆసుపత్రి దగ్గరే ఉంది, 108కి ఫోన్ చేస్తే వస్తుంది కదా అన్నది. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆ బండి ఎన్నో ప్రాణాలు కాపాడింది. అయినా లెక్క చూడండి. అనుమానం వచ్చాక బండి రావడానికి కొన్ని నిమిషాలు, ఎక్కించి చేర్చడానికి కొన్ని, అక్కడ కేసు షీటు రాసి రక్తం గ్రూపు చూసి థియేటర్ సిద్ధం చేయడానికి ఇంకొన్ని. ఆసుపత్రి వీధి చివరే ఉన్నా ఈ మొత్తం 18 నిమిషాల్లో ఇమడదు. నాలుగోది, స్కానింగ్‌లో కుట్టు మందం చూసి నిలుస్తుందో లేదో చెప్పవచ్చు కదా అన్నది. పలచని కుట్టుకు ప్రమాదం ఎక్కువని తెలుసు. కానీ ఇంత మందం ఉంటే చీలదు అని హామీ ఇచ్చే కొలత ఏదీ స్థిరపడలేదు. స్కానింగ్ బాగుందన్న ధైర్యంతో కావలి తీసేయకూడదు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం ఐదోది: "మా ఊరి ఆసుపత్రులేవీ నొప్పులు పడనివ్వవు. ఇంట్లో అయితేనే నాకు అవకాశం." దీనికి తల్లిని తప్పుపట్టి లాభం లేదు. సిజేరియన్ తర్వాత మామూలు కాన్పు చేయించాలంటే డాక్టర్ గంటల తరబడి కనిపెట్టుకుని ఉండాలి, రాత్రంతా థియేటర్ సిద్ధంగా ఉండాలి. ఒక్క డాక్టర్‌తో నడిచే నర్సింగ్‌హోమ్‌కు అది మోయలేని భారం. ఏదైనా జరిగితే బంధువులు మీదపడతారన్న భయమూ నిజమే. ఆపరేషన్ అయితే గంటలో ముగుస్తుంది, బిల్లూ పెద్దది. ఇవన్నీ నిజాలే. కానీ ఒక ఆసుపత్రి తన పని చేయడం లేదు కాబట్టి ఆ పనే అక్కర్లేదని అనుకోవడం కుదరదు. ఆ ఆసుపత్రి కాకపోతే ఇంకో ఆసుపత్రి, పట్టణంలో లేకపోతే జిల్లా కేంద్రం. ఇల్లు మాత్రం దానికి బదులు కాదు. మరోవైపు, బోర్డు ఉన్నంత మాత్రాన ప్రతిదీ ఈ పనికి తగిన ఆసుపత్రి కాదని కూడా ఇదే తర్కం చెబుతుంది. ఫోన్ చేస్తే ఇంకో ఊరి నుంచి మత్తు డాక్టర్ రావాల్సిన చోటు, రక్తం కోసం బంధువులను పరుగెత్తించే చోటు, ఈ కాన్పు విషయంలో ఇంటికి పెద్ద దూరంలో లేవు.

ఇంటి మేలు ఆసుపత్రికి రావాలి

మలి కాన్పుకు సిద్ధమవుతున్న తల్లి మూడో నెల నుంచే ఈ పని మొదలుపెట్టాలి. మొదటి ఆపరేషన్ కాగితం వెతికి పట్టుకోవాలి; లేకపోతే ఆ ఆసుపత్రికి వెళ్లి నకలు అడగాలి. కోత ఎలా వేశారు, ఎందుకు చేశారు అన్న రెండు సంగతులూ అందులో ఉంటాయి. మన ఆచారంలో ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పురిటికి పుట్టింటికి వెళ్తారు. అక్కడ డాక్టర్ మారతారు, కాగితాలు అత్తవారింట్లో ఉండిపోతాయి, ఊరు ఆసుపత్రికి దూరమవుతుంది. కుట్టు ఉన్న తల్లి విషయంలో ఈ ఆచారాన్ని ఆసుపత్రిని బట్టి సర్దుకోవాలి: పుట్టిల్లు దూరమైతే అమ్మే కూతురి దగ్గరికి రావాలి. ఎంచుకునే ఆసుపత్రిని నేరుగా అడగాలి. రాత్రి రెండు గంటలకు మత్తు డాక్టర్ లోపలే ఉంటారా? రక్తం ఎక్కడి నుంచి వస్తుంది? పోయిన ఏడాది సిజేరియన్ అయిన తల్లుల్లో ఎంతమందికి నొప్పులు పడనిచ్చారు, ఎంతమంది మామూలుగా కన్నారు? సూటిగా జవాబు చెప్పగలిగిన చోటే సరైన చోటు. నొప్పులు మొదలయ్యాక ఇంట్లో ఓర్చుకుంటూ కూర్చోకుండా తొందరగా వెళ్లాలి. మధ్యలో ఆపరేషన్ అవసరమని తేలితే దాన్ని ఓటమిగా తీసుకోనక్కర్లేదు. కావలి పెట్టుకున్నది అందుకే.

ఆసుపత్రులు చేయాల్సింది ఇంతకంటే పెద్దది. తల్లులు ఇంటివైపు చూస్తున్నది వైద్యం మీద ద్వేషంతో కాదు. తెలిసిన మనిషి చేయి పట్టుకుని ఉండాలని, అటూ ఇటూ నడవనివ్వాలని, అరిస్తే కసురుకోకూడదని, తన శరీరం మీద జరిగేదాన్ని తనకు చెప్పాలని కోరుకుంటున్నారు. వీటిలో ఏ ఒక్కదానికీ థియేటర్ అడ్డు కాదు. కాన్పు పొడవునా ఒక మనిషి తోడుగా ఉంటే మామూలు కాన్పులు పెరుగుతాయని, సిజేరియన్లు తగ్గుతాయని పదిహేను వేలమందికి పైగా తల్లులతో చేసిన పరీక్షలన్నీ కలిపి 2017లో తేల్చారు. కేంద్రం 2017లో తెచ్చిన లక్ష్య పథకం ప్రసవ గదిలోకి తోడును అనుమతించమంటోంది. అదే ఏడాది తెలంగాణ ప్రభుత్వం కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టింది. 2018లో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ఇచ్చింది. అంటే దారి ఇప్పటికే వేసి ఉంది. ఆ మిడ్‌వైఫ్‌లను థియేటర్, రక్తనిధి ఉన్న ప్రతి జిల్లా ఆసుపత్రిలో కుట్టు ఉన్న తల్లుల పక్కన నిలబెట్టాలి. ప్రతి ఆసుపత్రీ, ప్రైవేటుదైనా సరే, సిజేరియన్ తర్వాత మామూలుగా కన్న తల్లుల లెక్క ఏటా బయటపెట్టాలి. అవసరం లేని మొదటి కోతను ఆపడం అన్నిటికంటే ముందు. అది ఆగితే ఈ ప్రశ్న వేసుకోవాల్సిన తల్లుల సంఖ్యే తగ్గిపోతుంది.

తొలి కాన్పు ఆపరేషన్ అయిన తల్లికి మలి కాన్పు మామూలుగా జరగాలని కోరుకునే హక్కు ఉంది, అది నెరవేరే అవకాశమూ బాగా ఉంది. ఆ హక్కును ఇంటి నాలుగు గోడల మధ్య ప్రాణాన్ని పణంగా పెట్టి ఆమె ఒంటరిగా సాధించుకోవాల్సిన గతి పట్టకూడదు. ఇంట్లో కనవద్దని ఆమెకు చెప్పే ప్రతి డాక్టరూ, ప్రతి ప్రభుత్వమూ ఆ మాటతో పాటే ఒక బాధ్యతను నెత్తికెత్తుకుంటున్నారు: "అయితే ఎక్కడ కనాలి?" అని ఆమె అడిగినప్పుడు కోత ఒక్కటే జవాబు కాని చోటును చూపించాలి.